శనివారం తుడుపు

ముందు నా తప్పు చెప్పేస్తాను. ఆఫీసు తప్పు తర్వాత చెప్తాను. ఎప్పుడూ ఆఫీసు తప్పే ముందు చెప్పడం నాకు అలవాటు. ఈసారి అలా కుదరదు.

వేలితో నెడితే తెర జరిగే ఫోన్లు అప్పుడప్పుడే వచ్చిన రోజులవి. మేం ఇంటింటికీ తిరిగి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసొచ్చే కార్యకర్తలం. సంఘంలో నలభై మందిమి. నేను కార్యదర్శిని. నా గొంతు చూసి అందరూ మైకక్క అంటారు. ఏడో తరగతి దాటలేదు. దొరికిన కాగితమల్లా చదివి, తెలియనిది పదిమందిని అడిగి నేర్చుకున్నదాన్ని. అందుకేనేమో, ఒకసారి నేర్చుకున్నది తప్పని ఒప్పుకోవాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది.

అంతకుముందు మాకు చీటీలుండేవి. బిడ్డకి బాగాలేకపోతే చీటీ రాసి అంబులెన్సు స్టాండులో ఇస్తే బండి కదిలేది. ఒకరోజు ఆఫీసువాళ్ళు పిలిచి తలా ఒక ఫోను చేతిలో పెట్టారు. ఇకనుంచి చీటీలు చెల్లవు, ఫోన్లోనే ఫారం నింపాలి అన్నారు. నలభై రెండు ప్రశ్నలు. చివర్న బిడ్డ ఫొటో. ఫొటో లేకపోతే ‘పంపు’ అనే బొత్తాం వెలగదు. ప్రమాదం అని గుర్తు పెట్టి పంపితే ఆ కబురు దానంతటదే బండికి చేరుతుందట. వినడానికి బాగానే ఉంది.

వారం తిరక్కుండా ఫోన్లు మొండికేశాయి. నలభై రెండూ నింపుతాం. ఫొటో కోసం కెమెరా తెరుస్తాం. ఫొటో తీసి వెనక్కి వస్తే ఫారం ఉండదు. మొదటి పేజీ తెల్లగా పళ్ళికిలిస్తూ ఉంటుంది. బాలింత వయసు? మళ్ళీ మొదట్నుంచి నింపుకో. మూడుసార్లలో ఒకసారి నిలిచేది, రెండుసార్లు పోయేది.

వెళ్ళి మొత్తుకుంటే, ఫోన్లో చోటు చాలట్లేదేమోనని తలా ఒక పెద్ద మెమరీ కార్డు ఇచ్చారు. వేల ఫొటోలు పడతాయన్నారు. అయినా ఫారం పోతూనే ఉంది. అప్పుడు నేను రంగంలోకి దిగాను. ఫోను నిండితే మందగిస్తుందని ఎక్కడో చదివాను. చదివిందే తడవు కరపత్రం రాసి అచ్చు వేయించాను. “అక్కచెల్లెళ్ళారా! ప్రతి శనివారం మీటింగు అయ్యాక ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ తీసెయ్యండి. ఖాళీగా ఉన్న ఫోనే పనిచేస్తుంది.” మా సూపర్‌వైజరు అది చదివి, “మొదటిసారి పనికొచ్చే ముక్క రాశావు” అన్నాడు. పదేళ్ళలో ఆఫీసూ నేనూ ఒక్కమాట మీద నిలబడ్డది అదొక్కసారే. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మావాళ్ళు దానికి శనివారం తుడుపు అని పేరు పెట్టుకున్నారు. మీటింగు చివర్న నేను “ఊఁ, తుడవండి” అనేదాన్ని. నలభై బొటనవేళ్ళు ఒక్కసారి కదిలేవి. “అక్కా, పొరపాటున మా ఆయన ఫొటో కూడా తుడిచేశా” అని ఒకావిడ అంటే, “మనిషిని తుడిచే బొత్తాం కూడా ఉందేమో వెతకవే” అని ఇంకొకావిడ. నవ్వుకునేవాళ్ళం. ఎవరైనా బద్ధకిస్తే నేను పక్కన నిలబడి మరీ తుడిపించేదాన్ని.

మాలో గొడుగు అని ఒక పిల్ల ఉంది. ఎండైనా వానైనా చేతిలో గొడుగు లేకుండా గడప దాటదు, అందుకని ఆ పేరు. నెమ్మది మనిషి. మాట పెగలదు. పని మాత్రం కొలిచి పెట్టినట్టు చేస్తుంది.

ఒక గురువారం గొడుగు ఇస్త్రీ కొట్టు వెనక గదిలో ఉండే బాలింత దగ్గరికి వెళ్ళింది. పదకొండు రోజుల పాప. పేరింకా పెట్టలేదు. పాప గబగబా ఊపిరి తీస్తోంది. గొడుగు గడియారం పెట్టుకుని లెక్కపెట్టింది. నిమిషానికి అరవై ఎనిమిది. పాలు తాగట్లేదు. ప్రమాదం అని గుర్తు పెట్టి ఫారం నింపింది. ఫొటో తీసింది. ఫారం పోయింది. మళ్ళీ నింపింది. ఫొటో. మళ్ళీ పోయింది. మూడోసారి నిలిచింది. ‘పంపు’ నొక్కింది. తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. చక్రం తిరిగిందంటే ఫారం వెళ్ళినట్టేనని మా అందరి నమ్మకం. “బండొస్తుందమ్మా, ఇక్కడే ఉండు” అని తల్లికి చెప్పి గొడుగు తర్వాతి ఇంటికి బయల్దేరింది. ఆ ఇంటి దారి కోసం ఫోన్లో మ్యాపు తెరిచింది. వెళ్తున్న ఫారం మధ్యలోనే పడిపోయిందని ఆమెకి తెలీదు.

బండి రాలేదు. ఆ తల్లి మధ్యాహ్నమంతా గుమ్మంలో నిలబడే ఉంది. సాయంత్రానికి మొగుడు కూలి నుంచి వచ్చాక బట్టల మూటలు మోసే తోపుడుబండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. శుక్రవారం తెల్లారేసరికి పాప పోయింది.

శనివారం మీటింగుకి గొడుగు వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నేను భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. చివర్న ఎప్పటిలాగే “ఊఁ, తుడవండి” అన్నాను. గొడుగు ఫోను పట్టుకుని ఊరికే కూర్చుంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“తుడువమ్మా. సోమవారం ఇంకో పసిబిడ్డకి పనికి రావాలి కదా ఫోను.”

ఆమె తుడిచింది. నా కళ్ళ ముందే తుడిచింది. నేనే తుడిపించాను.

బుధవారం నోటీసు వచ్చింది. ‘సదరు ఇంటికి వెళ్ళినట్టు ఎటువంటి ఆధారమూ లేదు. విధి నిర్లక్ష్యం వల్ల శిశు మరణం. ఎందుకు తొలగించకూడదో పది రోజుల్లో విచారణకు హాజరై చెప్పవలెను.’ ఫారం లేదు కాబట్టి గొడుగు వెళ్ళలేదట. చదివేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఫొటోలు తీశావు కదే! వాటి మీద టైముంటుంది. అవి వాళ్ళ మొహాన కొడదాం” అని అరిచాను.

గొడుగు నా వైపు చూసింది. ఆ చూపుకి నాకు అర్థమయ్యింది. తల కొట్టేసినట్టయ్యింది.

ముందు తల్లి దగ్గరికి వెళ్ళాం. ఆమె సాక్ష్యం చెప్తే కాస్త బలం. గది అంతా ఇస్త్రీ ఆవిరి. గోడవారన మడతపెట్టిన బట్టల దొంతరలు. ఆమె ఇస్త్రీ చేస్తూనే మాట్లాడింది. గొడుగు గుమ్మం బయటే ఆగిపోయింది.

“లోపలికి రా. ఆరోజు వచ్చావుగా” అంది ఆమె.

గొడుగు వచ్చి గోడకి ఆనుకుంది.

“నువ్వు వచ్చావు. వేలు పైకీ కిందకీ ఆడిస్తూ ఊపిరి లెక్కపెట్టావు. మూడుసార్లు ఫొటో తీశావు. ఎందుకిన్నిసార్లు అంటే ఫోను మింగేస్తోందన్నావు. బండొస్తుందన్నావు.” ఇస్త్రీపెట్టె ఎత్తి దించింది. “రాలేదు.”

“ఇదే మాట విచారణలో చెప్తావా అమ్మా?” అన్నాను.

“జరిగింది చెప్పడానికి నాకేం. చెప్తాను. నాకొకటి కావాలి. ఆ ఫొటోల్లో ఒకటి ఇయ్యండి. మా దగ్గర ఫొటో తీసే ఫోను లేదు. దానికి ఒక్క ఫొటో కూడా లేదు.”

గొడుగు నోరు తెరవబోయింది. నేను అడ్డం పడ్డాను.

“తెస్తాం” అన్నాను.

బజారు మలుపులో ఫోన్లు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఒక కంటికి అద్దం తగిలించుకుని వంగి కూర్చుంటాడు. అందరూ భూతద్దం అంటారు. కొట్టు నాలుగడుగుల వెడల్పు. ఫోను ఆయన చేతికిచ్చి, తీసేసిన ఫొటోలు వెనక్కి వస్తాయా అని అడిగాను.

“ఎందుకు తీసేశారు?”

“ఫారం పోతోంది కదా అన్నా. ఫోను ఖాళీ చేస్తే నిలుస్తుందని.”

ఆయన కంటి అద్దం పైకి నెట్టి నన్ను పరకాయించి చూశాడు. “ఎవరు చెప్పారీ వైద్యం?”

“నేనే” అన్నాను. గొంతు నాకే వినపడలేదు. పేరుకి మైకక్కని.

“చెల్లెమ్మా, ఇటు చూడు.” వెనక గోడ చూపించాడు. నేల నుంచి కప్పు దాకా సొరుగులే. “ఇది మీ మెమరీ కార్డు. ఎన్ని వస్తువులైనా దాచుకో. ఇప్పుడిది చూడు.” ముందున్న చెక్కపలక తట్టాడు. జానెడున్నర ఉంటుంది. దాని మీద విప్పిన ఫోను ఒకటే ఉంది. “నేను పని చేసేది దీనిమీద. ఇంకో ఫోను విప్పాలంటే దీన్ని ఎత్తి పక్కన పడెయ్యాలి. మీ ఫోన్లకి సొరుగులు బోలెడు. పలక మాత్రం ఇంతే. దాన్ని ర్యామ్ అంటారు. ఫారం దానిమీద పరిచి ఉంటుంది. కెమెరా వచ్చి పలకంతా నాదే అంటుంది. ఫోనేం చేస్తుంది? ఫారాన్ని కింద పారేస్తుంది. మీరు వారం వారం సొరుగులు కడిగారు. సొరుగులు కడిగితే పలక పెరుగుతుందా?”

“మరి ఆఫీసువాళ్ళు కార్డులిచ్చారే?”

“వాళ్ళు ఇంకో నాలుగు సొరుగులు కొట్టించారు. నువ్వు అవి ఖాళీ చేయించావు. ఇద్దరూ కలిసి పలక వైపు చూడలేదు.”

నన్ను ఎంతోమంది తిట్టారు. లాఠీ దెబ్బలు కూడా తిన్నాను. ఈ మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు.

ఆయన కార్డు తీసి కంప్యూటరుకి పెట్టాడు. “తుడిచాక ఎన్ని ఫొటోలు తీశావమ్మా?” అని గొడుగుని అడిగాడు.

“రోజుకి పదీ పన్నెండు.”

“సొరుగులో వస్తువు వెంటనే పోదు. పైన అంటించిన పేరు చీటీ చించేస్తారంతే. కానీ పైన కొత్తవి వేస్తూ ఉంటే పాతవి నలిగిపోతాయి. చూద్దాం.”

రెండు గంటలు చూశాడు. మేం బల్ల మీద కూర్చునే ఉన్నాం. చివరికి తెర మా వైపు తిప్పాడు.

ఒకటి దొరికింది. సగం. పై సగంలో పాప నుదురు, కొంచెం జుట్టు, మూసుకున్న కళ్ళు, కనుబొమలు ఇంకా సరిగ్గా రాలేదు. ముక్కు మొదలవుతూ ఉండగానే కిందంతా బూడిదరంగు. సిమెంటు పూసేసినట్టు. పక్కన తేదీ, టైము ఉన్నాయి. గురువారం, పదకొండు గంటల ఇరవయ్యారు నిమిషాలు.

“మిగతా సగం?” అన్నాను.

“దాని మీద ఇంకెవరి బిడ్డో ఉంది” అన్నాడు భూతద్దం. పైసా పుచ్చుకోలేదు. రెండు కాపీలు తీసిచ్చాడు.

బయటికొచ్చాక నేను లెక్కలు వేయడం మొదలెట్టాను. ఒకటి ఫైలుకి. రెండోది విచారణ అయ్యాక తల్లికి ఇద్దాం. ముందే ఇస్తే మిగతా సగం ఏదని అడుగుతుంది. నిజం చెప్పామా, ఆమె సాక్ష్యానికి రాకపోవచ్చు. ఆమె రాకపోతే ఈ సగం ముక్కతో నిలబడలేం. పదేళ్ళు సంఘం నడిపినదాన్ని, నాకు ఇవన్నీ తెలుసు.

గొడుగు దారిలో ఆగిపోయింది. “ముందే చెప్దాం అక్కా.”

“పిచ్చిదానా, పోయేది నీ ఉద్యోగం.”

“ఒకసారి బండొస్తుందని చెప్పి ఆమెని గుమ్మంలో నిలబెట్టాను. ఇంకోసారి నిలబెట్టను.”

ఎప్పుడూ మాట పెగలని పిల్ల. నేను ఫొటోలు సంచిలో పెట్టుకుని ఇస్త్రీ కొట్టు వైపు తిరిగాను.

అదే రోజు వెళ్ళాం. తల్లి ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, చేతులు తుడుచుకుని ఫొటో అందుకుంది. చాలాసేపు చూసింది. బూడిదరంగు మీద బొటనవేలు పెట్టి రుద్దింది, మరక అనుకుని.

“కిందది రాలేదా?”

“పోయింది” అన్నాను. “ఫొటోలు మూడూ ఉండేవి. ఈమె తనంతట తీసెయ్యలేదు. నేను తీసేయించాను. అలా తీసేస్తే ఫోను బాగుపడుతుందని నేనే అందరికీ చెప్పాను. తెలీకుండా చెప్పాను.”

ఆమె నా మొహంలోకి చూసింది. నేను తిట్ల కోసం కాచుకుని ఉన్నాను. రాలేదు.

“తిట్టమ్మా” అన్నాను.

“తిడితే నీకు తేలికవుతుంది” అంది. “తిట్టను.”

ఫొటోని మడత బట్టల మధ్య పెట్టి ఇస్త్రీపెట్టె ఎత్తింది. విచారణకి వస్తావా అని అడిగే మొహం నాకు లేదు. వచ్చేశాం.

ఆ శనివారం మీటింగులో లేచి నా తప్పు చెప్పాను. పలక సంగతీ సొరుగుల సంగతీ చెప్పాను. ఒకావిడ నవ్వబోయి ఆగిపోయింది. “మరి ఫారం పోతే ఏం చెయ్యాలక్కా?” అన్నారు.

“పోనివ్వండి. పోయిన ప్రతిసారీ కాగితం మీద రాయండి. ఏ ఇల్లు, ఎన్ని గంటలకి, ఎన్నోసారి. ఎవరూ ఏమీ తుడవకండి.”

విచారణ గురువారం. అప్పటికి నలభై మంది కాగితాలూ నా సంచిలో ఉన్నాయి. మూడు పనిరోజుల్లో ఎనిమిది వందల పదకొండుసార్లు ఫారం పోయింది.

విచారణ చేసే మేడం పెద్దావిడ. కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ప్రతి కాగితమూ రెండు వైపులా చూసే రకం. పక్కన మా సూపర్‌వైజరు. నేను సగం ఫొటో పెట్టాను, కాగితాల కట్ట పెట్టాను.

“ఇవి వీళ్ళు వీళ్ళు కూర్చుని రాసుకున్నవి మేడం” అన్నాడు సూపర్‌వైజరు. “ఫొటో సగమే ఉంది. ఎవరి బిడ్డో ఎవరికి తెలుసు?”

“నాకు తెలుసు” అని వెనకనుంచి వినపడింది.

ఇస్త్రీ కొట్టు తల్లి గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో. గొడుగు లేచి కుర్చీ ఇచ్చింది. ఆమె కూర్చోలేదు. మాకు చెప్పిన మాటలే మేడంకి చెప్పింది. వేలు ఆడించి చూపించింది. ఒక ముక్క ఎక్కువ లేదు, ఒక ముక్క తక్కువ లేదు. ‘రాలేదు’ దగ్గర ఆపింది.

మేడం పెన్ను పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది. “ఆ ఫోను ఇటివ్వు.”

గొడుగు ఇచ్చింది. మేడం కొత్త ఫారం తెరిచి మొదటి ప్రశ్న పైకి చదివింది. “బాలింత వయసు?” ఆవిడ ఎవర్నీ అడగలేదు, తనకోసం చదువుకుందంతే. కానీ తల్లి జవాబు చెప్పింది.

“ఇరవై రెండు.”

మేడం తలెత్తి ఆమెని చూసింది. ఆపుదామా అనుకున్నట్టుంది. ఆపలేదు. “ఎన్నో కాన్పు?” “మొదటిది.” “బిడ్డ వయసు?” “పదకొండు రోజులు.” “బరువు?” గొడుగు చెప్పింది. “బిడ్డ పాలు తాగుతోందా?” “పొద్దున్నుంచీ తాగలేదు.” అలా నలభై రెండూ. ఫ్యాను తిరుగుతోంది. సూపర్‌వైజరు కిటికీ వైపు చూస్తున్నాడు.

చివర్న ఫొటో అడిగింది ఫోను. మేడంకి ఏం తియ్యాలో తోచలేదు. బల్ల మీదున్న సగం ఫొటోకే గురిపెట్టి తీసింది.

తెర ఒకసారి నల్లబడి వెలిగింది. మేడం కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. అలవాటు కొద్దీ అక్కడున్నది పైకి చదివేసింది.

“బాలింత వయసు?”

“ఇందాకే చెప్పాను కదమ్మా” అంది తల్లి. “ఇరవై రెండు.”

మేడం ఫోను బోర్లించి బల్ల మీద పెట్టింది. చాలాసేపు దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

“చీటీలున్నప్పుడు బండి ఎంతసేపట్లో వచ్చేది?” అని అడిగింది, సూపర్‌వైజరు వైపు చూడకుండా.

గొడుగే చెప్పింది. “అరగంట మేడం.”

“అరగంట” అంది తల్లి. ఎవరితోనూ కాదు. ఆ మాట అని వెళ్ళిపోయింది.

పదిహేను రోజులకి ఉత్తర్వు వచ్చింది. గొడుగు మీద అభియోగం కొట్టేశారు. చీటీల సంగతి పరిశీలనలో ఉందట. అదే కవరుతో పాటు ఒక పెట్టె కూడా వచ్చింది. విప్పితే నలభై కొత్త మెమరీ కార్డులు. పాతవాటికి రెండింతలవి.

పెట్టె నేనే మోసుకెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద పెట్టాను. చీటీ పుస్తకాలు మేమే అచ్చు వేయించుకున్నాం. అవి చెల్లవంటున్నారు. చెల్లేదాకా అంబులెన్సు స్టాండు ముందు కూర్చుంటాం. ఈ రాతంతా ఇక్కడ కూర్చునే రాస్తున్నాను. గొడుగు పక్కనే ఉంది. ఎండ ఎక్కువగా ఉందని తన గొడుగు నా కాగితం మీదికి పట్టింది.